మినిట్స్‌కెక్కని మాట

పోయిన నెల ఒక బోర్డు సమావేశానికి హైదరాబాదు వెళ్లాను. పెద్ద కంపెనీ, పద్నాలుగో అంతస్తు, కింద రోడ్డు మీది హారన్ల మోత కూడా వినపడని గది. పక్కన కాఫీలు కలిపేచోట ఎవరో పాలు స్టవ్ మీద పెట్టి మరిచిపోయినట్టున్నారు. మాడిన పాల వాసన ఏసీ గాలితో కలిసి లోపలికి వచ్చింది. అందరూ ముక్కులు చిట్లించారు, ఒకాయన లేచి తలుపు వేశాడు. నేను మాత్రం చేతిలోని కాగితం మీద రెండు పేజీల పాటు ఏమీ చదవలేకపోయాను. ఆ వాసన మధ్యలో నా ఇరవై రెండో ఏడు మొత్తం గడిచింది.

పెద్ద కంపెనీల బోర్డుల్లో ఒక్క ఆడమనిషైనా ఉండి తీరాలని చట్టం వచ్చింది కాబట్టి నన్ను అటువంటి గదుల్లోకి పిలుస్తున్నారు. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. బయటివాళ్లకు పరిచయం చేసేటప్పుడు "మా మహిళా డైరెక్టర్" అంటారు. తక్కిన వాళ్లలో ఎవరినీ "మా మగ డైరెక్టర్" అని చూపించగా నేను వినలేదు. ఆ పేరుతో ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం నేను మొదటిసారి చూసింది నెల్లూరు జిల్లా ఆత్మకూరులో, ఇటువంటి చట్టం ఊసే లేని రోజుల్లో. ఆ మనిషి పేరు కరుణమ్మ. ఆమెకు నేను చేసింది ఆ ఊరు దాటాక ఇన్నేళ్లలో ఇద్దరు ముగ్గురికి మించి చెప్పలేదు.

తొంభైల నడుమ నేను ఆత్మకూరులో ఒక పాల కంపెనీ ఆఫీసులో తెలుగు టైపిస్టును. మాది పప్పులూ నూనెలూ టోకున అమ్మే ఇల్లు. ఆడపిల్లను ఉద్యోగానికి పంపడం నాయనకు ఇష్టం లేదు. కానీ కంపెనీ ఛైర్మన్ గారు మా అంగడికి పాత గిరాకీ. "మన ఇల్లే అనుకో, నా కళ్లముందే ఉంటుంది గదా" అని ఆయన అనడంతో సరేనన్నాడు. పడమట ఉదయగిరి కొండ కింది పల్లెల నుంచి తూర్పున సంగం కాలవ పల్లెల దాకా ఆ కంపెనీకి పాలు వచ్చేవి. పాలు పితికేదీ పోసేదీ ఆడవాళ్లే. బోర్డులో ఉన్న ఎనిమిది మందీ మగవాళ్లు. కొత్త యంత్రాలకు అప్పు అడిగితే, పాలు పోసే ఆడవాళ్లలో ఒకరిని బోర్డులోకి తీసుకోవాలని బ్యాంకు షరతు పెట్టింది. ఎవరిని తీసుకోవాలా అని వారం రోజులు వెతికారు. చివరికి ఉదయగిరి దగ్గరి పల్లెలో, క్రైస్తవుల వాడలో ఉండే కరుణమ్మ పేరు ఖాయం చేశారు. భర్త లేడు, కూతురికి పెళ్లయి కావలిలో ఉంది. ఊళ్లో సారా అంగడి మూయించిన ఆడవాళ్లలో ముందు నిలబడింది కాబట్టి ఆఫీసర్లకు పేరు తెలుసు. తక్కిన లెక్కలు ఛైర్మన్ గారు నేను వింటుండగానే మేనేజరుకు చెప్పాడు. "ఊరు దూరం. చదువు లేదు. అడిగేవాళ్లు లేరు. వచ్చి వేలిముద్ర వేసి పోతుంది."

మొదటి సమావేశానికి ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకుని, చెప్పులు మెట్ల కిందే వదిలి మేడ ఎక్కింది. యాభై దాటిన మనిషి. బోర్డు గదిలో పాలిష్ పెట్టిన టేకు కుర్చీలు ఎనిమిదే ఉన్నాయి. కింద పాల రసీదులు రాసేచోట ఉన్న మడత కుర్చీ, ఇనుపది, పైకి తెప్పించి తలుపు దగ్గర వేశారు. బల్ల దాకా జరపలేదు. వయసు మళ్లిన అటెండరు టీ పళ్లెం తెచ్చేసరికి ఒక డైరెక్టరు కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, "ఏమ్మా, అట్లా అందించు" అన్నాడు. ఆమె లేచి ఎనిమిది మందికీ కప్పులు అందించింది. ఆమెకు మాత్రం పింగాణీ కప్పు కాదు, గాజు గ్లాసులో వచ్చింది. అందరి సంతకాలయ్యాక రిజిస్టరు ఆమె ముందు పెట్టి మేనేజరు సిరాదిండు మూత తీశాడు. ఆమె పెన్ను అడిగి తీసుకుని నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా, పూర్తి పేరు రాసింది. వాళ్ల గుడిలో, అంటే చర్చిలో, పాటల పుస్తకం చూసి నేర్చుకున్న అక్షరాలని తర్వాత తెలిసింది. సిరాదిండు మూత మళ్లీ పెట్టిన చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది.

ఆ మధ్యాహ్నం ఉదయగిరి బస్సుకు ఇంకా టైముందని ఆమె నా టేబులు దగ్గరకు వచ్చి నిలబడింది. "పాపా, డైరెక్టరంటే ఏంది?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. అయినా కంపెనీ నిబంధనల పుస్తకం తీసి, నాకర్థమైనంత చెప్పాను. మీటింగుకు ముందు కాగితాలు పంపాలి, ప్రశ్న అడగవచ్చు, ఓటు వేయవచ్చు, ఒప్పుకోకపోతే ఆ మాట మినిట్స్‌లో రాయించవచ్చు అన్నాను. "మినిట్స్ అంటే మీటింగులో ఎవరేం చెప్పిందీ రాసిపెట్టే పుస్తకం. రాసేది నేనే."

"అట్టయితే టీ ఇయ్యాలని యాడా లేదా?"

"లేదు."

"సరే" అంది. రెండో సమావేశంలో పళ్లెం వచ్చినప్పుడు ఆమె కదలలేదు. టీ చల్లారిపోయింది. చివరికి అటెండరే బల్ల చుట్టూ తిరిగి అందించాడు. ఛైర్మన్ గారు నా వైపు ఒకసారి చూశాడంతే.

అప్పటి నుంచి సమావేశం రోజున ఆమె పొద్దున మొదటి బస్సుకే వచ్చేది. నేను ఎజెండా చదివి చెప్పేదాన్ని. వాళ్ల వాడ ఆడవాళ్లను మా ఇంట్లో ఎవరూ "మీరు" అని పిలిచి ఎరుగరు. మొదటి రోజు నేనూ ఆమెను "నువ్వు" అనే అన్నాను, మా అమ్మ వయసు మనిషని తెలిసి కూడా. ఎప్పుడు "మీరు"లోకి మారానో గుర్తులేదు. ఆమె అది గమనించింది. గమనించినట్టు మాత్రం కనిపించనివ్వలేదు. కోరం అంటే ఏమిటో చెప్పేసరికి, "ఓహో, డీకన్లలో సగం మంది రాకపోతే గుడి కమిటీ నడవదు, అట్టనా?" అంది. తీర్మానం అంటే ఏమిటో, సవరణ అంటే ఏమిటో ఒకసారి వింటే మళ్లీ అడిగేది కాదు. ఎప్పుడూ తను మాట్లాడేముందు ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే మనిషి. విన్నాక మాత్రం, మొహం చూసి మాట మార్చే అలవాటు ఆమెకు లేదు.

ఆ పొద్దుల్లోనే ఒకరోజు నాకు మంచినీళ్ల చెంబు జరిపి తాగమంది. వద్దన్నాను. ఎండాకాలం, రేకుల కప్పు కింద కూర్చుని ఉన్నాను. ఆమె నన్ను కాసేపు చూసింది. "వచ్చినప్పుడల్లా చూస్తా ఉండా. ఒక గుక్క తాగవు. ఈడ ఆడోళ్లకి దొడ్డి లేదా?" లేదు. మగవాళ్లకు కింద ఒకటుంది. నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లేదాకా బిగబట్టుకునేదాన్ని, అందుకని పొద్దుటి నుంచి నీళ్లే తాగేదాన్ని కాదు. రెండేళ్లుగా అంతే. రెండుసార్లు జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లినా, కారణం ఇదని అమ్మకు కూడా చెప్పుకోలేదు. ఆ రోజు సమావేశంలో ఇతర విషయాలు ఏమైనా ఉన్నాయా అని ఛైర్మన్ గారు అలవాటుగా అడిగితే, ఇనుప కుర్చీలోంచి కరుణమ్మ లేచి నిలబడింది. "ఉండాదయ్యా. ఈ ఆఫీసులో ఆడోళ్లకి మరుగుదొడ్డి కట్టాల. రాసుకో పాపా." ఒకాయన నోరు మూసుకుని నవ్వాడు. ఇంకొకాయన కిటికీలోంచి బయటికి చూశాడు. నేను తల వంచుకుని, చెవులు మండుతుండగా, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రెండు నెలలకు కట్టారు. తలుపు మీద "డైరెక్టర్లకు మాత్రమే" అని రాయించి తాళం వేశారు. ఆమె తాళంచెవి అడిగి తీసుకుంది, మెట్లు దిగుతూ నా టేబులు మీద పెట్టింది. "డైరెక్టరు నెలకొకసారి వస్తాది. మిగతా రోజులు నువ్వే వాడుకో."

నాకోసం ఒక గదిలో నిలబడి మాట్లాడిన మొదటి మనిషి ఆమె. ఇంట్లో కాదు, బళ్లో కాదు, అక్కడ. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగింది ఈ మనిషికే జరిగింది.

ఆ మరుసటి ఏడు వానలు పడలేదు. మెట్ట ఊళ్లలో చేలు ఎండిపోయి, ఉన్న ఆధారం గేదెలే అయ్యాయి. ఉదయగిరిలో కంపెనీకి పాలు చల్లబరిచే కేంద్రం ఒకటుంది. చిల్లింగ్ సెంటర్ అనేవాళ్లు. చుట్టుపక్కల పల్లెల పాలు అక్కడ చల్లబడితేనే ఆత్మకూరు దాకా విరగకుండా వస్తాయి. దాన్ని మూసేసి, యంత్రాన్ని సంగం వైపుకు మార్చాలని ఎజెండాలో వచ్చింది. కాలవ నీళ్ల ఊళ్లు, పచ్చిగడ్డి ఉంటుంది, పాలు ఎక్కువ వస్తాయి అని కారణం రాశారు. ఛైర్మన్ గారి పొలాలూ చుట్టాలూ ఆ కాలవ కిందే ఉన్నారన్నది రాయలేదు. ఆ కాగితం చదివి వినిపించాక, కరుణమ్మ "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాను.

సమావేశంలో ఆమె లేచిన తీరు నాకు కళ్లకు కట్టినట్టుంది. చేతులు చీరకు తుడుచుకుంది. "అయ్యా, కాలవ కింద వాళ్లకి వరి ఉండాది, గడ్డి ఉండాది, పాలు గూడా ఉండాయి. మాకు గేదె ఒకటే ఉండాది. ఆ మిషను తీసుకుపోతే పాలు ఆత్మకూరు చేరేలోగా విరిగిపోతాయి. విరిగిన పాలు మీరు తీసుకోరు. అప్పుడు గేదెని కసాయోడికి తోలాల్సిందే. వానలు పడిందాకా ఆగండి. ఒక్క ఏడు." ఛైర్మన్ గారు మెత్తగా, "నీ బాధ అర్థమైందమ్మా. ఇది వ్యాపారం" అన్నాడు. చేతులెత్తమన్నాడు. ఎనిమిది చేతులు లేచాయి. ఆమె తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది. "నేను ఒప్పుకోలా. రాసుకో పాపా."

రాసుకున్నాను. చిత్తు పుస్తకంలో ఆమె మాటలతోనే రాసుకున్నాను.

మర్నాడు ఛైర్మన్ గారు నన్ను పిలిచాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. ఎదుట కూర్చోమని, నాయన ఆరోగ్యం అడిగి, చిత్తు పుస్తకం నా వైపు జరిపాడు. "ఏకగ్రీవంగా అని టైపు కొట్టు తల్లీ. బ్యాంకువాళ్లు చూస్తారు. మహిళా ప్రతినిధి సమ్మతితో అని కూడా వెయ్యి, బాగుంటుంది."

"ఆమె ఒప్పుకోలేదు గదా సార్."

"ఆమెకేం తెలుసు చెప్పు. నీకు తెలీదా?" అని నవ్వాడు. తర్వాత, అదేదో వేరే విషయమన్నట్టు, "నీ పర్మనెంటు ఆర్డరు ఈ నెలలోనే సంతకం పెడదామనుకుంటున్నా" అన్నాడు. నేను నా టేబులు దగ్గరకు వచ్చి మిషనులో కాగితం ఎక్కించాను. బెదిరించి చేయించారని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేదో. ఎవరూ బెదిరించలేదు. ఆ ఉద్యోగం పోతే నాయన ఇంట్లో కూర్చోబెట్టి సంబంధాలు చూస్తాడని నాకు తెలుసు, ఆ భయం నాది. ఏకగ్రీవంగా అన్న మాట కొట్టడానికి ఎంతసేపు? తప్పు కూడా పడలేదు.

తర్వాతి సమావేశంలో పాత మినిట్స్ ఆమోదానికి వచ్చాయి. కరుణమ్మ తన కాగితం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. వేలు ఒకచోట ఆగింది. "ఇది తప్పయ్యా. నేను ఒప్పుకోలేదని చెప్పినాను" అంది. ఛైర్మన్ గారు కళ్లద్దాలు తీసి, తాపీగా నా వైపు చూశాడు. "ఏమ్మాయ్, రాసుకున్నది నువ్వే గదా. ఆమె అట్లా అనిందా?"

గదిలో తొమ్మిది మొహాలూ నా వైపే ఉన్నాయి. ఎనిమిదింట్లో ఏ ఆత్రమూ లేదు. తొమ్మిదోది మాత్రం, నేను చెప్పబోయేది ముందే తెలిసినట్టు, నిబ్బరంగా ఎదురుచూస్తోంది. నామీద ఆమెకు అంత నమ్మకం.

"నాకు వినపడలేదు సార్" అన్నాను.

కరుణమ్మ నన్ను ఇంకోసారి అడగలేదు. చిత్తు పుస్తకం తెమ్మనలేదు. ఆ హక్కు తనకుందని నేనే చెప్పాను, ఆమెకు తెలుసు. బహుశా అది తెప్పిస్తే నా ఉద్యోగం ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. హాజరు రిజిస్టరు దగ్గరకు పోయి, తన పేరు పక్కన "నేను ఒప్పుకోలేదు" అని రాసి, మెట్లు దిగి వెళ్లిపోయింది. మినిట్స్‌కు ఛైర్మన్ సంతకం చాలు. ఆయన పెట్టాడు. ఆ వారమే నా పర్మనెంటు ఆర్డరు వచ్చింది. అమ్మ పాయసం చేసింది.

సెంటరు మూసేటప్పుడు తీర్మానం నకలు ఉదయగిరిలో తలుపుకు అంటించారు. చదువొచ్చిన పిల్లలు తల్లులకు చదివి వినిపించారు, "మహిళా ప్రతినిధి సమ్మతితో, ఏకగ్రీవంగా" అని. కంపెనీ మీద కోపం చూపించడానికి ఆత్మకూరు దాకా ఎవరు వస్తారు? కరుణమ్మ ఇల్లు అక్కడే ఉంది. గేదెలు అమ్ముకుంటున్న ఆడవాళ్లు ఆమె ఇంటి ముందు నుంచే వాటిని తోలుకుపోయారట. బావి దగ్గర ఆమె వస్తే బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయేవాళ్లట. సారా అంగడి ముందు ఆమె పక్కన నిలబడ్డ వాళ్లే గుడిలో ఆమె కూర్చున్న చాప మీద కూర్చోవడం మానేశారట. ఇదంతా పాల లారీ డ్రైవరు మామూలు కబురు చెప్పినట్టు చెప్పాడు.

రెండు శనివారాలు ఆలోచించి, మూడో శనివారం బస్సెక్కాను. ఉదయగిరి కొండ ఎండకు బూడిదరంగులో ఉంది. ఆమె ఇంటి పక్కన పాకలో గుంజలు రెండున్నాయి, గేదెలు లేవు. నన్ను చూసి పీట వేసింది, నీళ్లిచ్చింది. "తాగు, ఈడ దొడ్డి ఉండాదిలే" అంది. నవ్వుతూ అనలేదు. నేను ఏడ్చాను. క్షమించమన్నాను.

"ఏడవమాక" అంది. "నువ్వెందుకట్ట చెప్పినావో నాకు తెలుసు. నాది గూడా తప్పుండాది. ఆడికి పొయ్యినప్పుడల్లా ఆ ఎనిమిది మంది మొహాలే చూసినాను, ఎవరేమంటారా అని. రాసే పిల్ల మొహం చూళ్లా. నువ్వు భయపడే పిల్లవని నీళ్లు తాగనప్పుడే తెలుసుకోవాల్సింది."

"నేనేం చేయాలో చెప్పండి."

"రేపు ఆదివారం. గుడి అయినాక ఆడోళ్లంతా ఉంటారు. నిలబడి, జరిగింది చెప్పు. నేను చెప్తే నమ్మరు. నువ్వు చెప్తే నమ్ముతారు."

నాయనకు చెప్పకుండా వచ్చానని, రాత్రికి ఇంటికి చేరకపోతే గోలవుతుందని, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని చెప్పాను. ఆమె సరేనంది. బస్సు దాకా వచ్చింది. "వస్తావా?" అని అడగలేదు. ఆ ఆదివారం వెళ్లలేదు. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్లలేదు. ప్రతి వారం ఒక కారణం దొరికేది, అన్నీ నిజమైన కారణాలే.

ఉద్యోగం మానేసి, నాయనతో పోట్లాడి, నెల్లూరులో హాస్టల్లో ఉండి కంపెనీ చట్టాలు చదవడానికి వెళ్లేముందు, నాలుగు నెలలు ఆలస్యంగా, ఉదయగిరి వెళ్లాను. గుడి అయ్యాక పాస్టరమ్మను అడిగి నిలబడ్డాను. కరుణమ్మ ఒప్పుకోలేదని, అబద్ధం కొట్టింది నేనని, వినపడలేదని చెప్పింది కూడా నేనేనని చెప్పాను. ఎవరూ అరవలేదు. వెనక వరసలో ఒకామె బిడ్డను చంక మార్చుకుంటూ, "ఇప్పుడు చెప్తే ఏంది లాభం మే? నా గేదె పొయ్యి మూడు నెల్లాయె" అంది. ఇంకొకామె నెమ్మదిగా, "ఆ తల్లి గూడా పొయ్యింది గదమ్మా, కావలికి, కూతురింటికి. ఈడ ఎవరు పలకరిస్తారని ఉంటాది?" అంది. ఆమె లేని చోట ఆమె నిజం చెప్పి, మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను. కావలికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మరుసటేడు నాకు తెలిసేసరికి ఆమె చనిపోయి రెండు నెలలైంది. ఉదయగిరిలో పాతిపెట్టమని అడిగిందో లేదో నాకు తెలియదు. కావలిలోనే పాతిపెట్టారు.

ఇప్పుడు నేను ఏ బోర్డు గదిలోకి వెళ్లినా ముందు చూసేది మినిట్స్ రాసే మనిషిని. ఎక్కువగా ఆడపిల్లలే ఉంటారు. ఒప్పుకోనప్పుడు నోటితో చెప్పి వదలను. నా చేత్తో రాసి, సంతకం పెట్టి, ఆ పిల్ల చేతికిస్తాను. ఎవరైనా గదిలోకి పిలిచి మెత్తగా మాట్లాడితే, "ఆవిడ రాసిచ్చారు సార్, నేనేం చేయను" అని తప్పుకోవడానికి. భయపడే మనిషికి నిలబడమని చెప్పడం కన్నా, దాక్కోవడానికి కాస్త చోటు ఇవ్వడం మేలని నాకు తెలుసు. ఇప్పటికి నాలుగుసార్లు అట్లా రాసిచ్చాను. నాలుగూ మినిట్స్‌కెక్కాయి. నాలుగు తీర్మానాలూ వాళ్లనుకున్నట్టే జరిగిపోయాయి. వార్షిక నివేదికలో నా ఫోటో మాత్రం ప్రతి ఏడూ ముందు పేజీల్లోనే వేస్తారు.

మనసును సముదాయించుకోవాలనిపించినప్పుడు అనుకుంటాను, ఆ రోజు నేను నిజమే కొట్టి ఉన్నా ఎనిమిది చేతుల ముందు ఒకరి మాట నిలిచేది కాదు, ఉదయగిరి మిషను సంగానికి పోయేదే అని. అది నిజమే. కానీ పొద్దునే బావి దగ్గరకు పోతే ఆమెను ఎవరో ఒకరు పలకరించేవాళ్లు. ఆదివారం ఆమె చాప మీద ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు. మిషను తీసుకుపోయింది వాళ్లు. ఆమెకు ఊరు లేకుండా చేసింది నేను.